‘ఈ పిల్ల మా పిల్ల కాదు’

విషయం బయటపడిన రాత్రి చాలా ఇళ్ళలో వినబడే మాట ఇది. ముందు నమ్మరు. తర్వాత అరుస్తారు, ఏడుస్తారు. అన్నీ అయ్యాక, తెల్లవారుజామున ఎప్పుడో, తల్లో తండ్రో నెమ్మదిగా అంటారు: ‘ఈ పిల్ల మా పిల్ల కాదు.’

పదహారేళ్ళ అమ్మాయి అనుకుందాం. మొన్నటిదాకా మార్కులు బాగానే వచ్చాయి. చెల్లెలికి లెక్కలు చెప్పేది. ఇంటికి ఎవరొచ్చినా నవ్వుతూ పలకరించేది. అదే అమ్మాయి ఏడాది పైనుంచి మత్తుమందులు వాడుతోందని, వాటికోసం ఇంట్లో డబ్బు తీస్తోందని, ఇంట్లోవాళ్ళు ఒక్కసారి కూడా చూడని స్నేహితుల మధ్య ఇంకో పేరుతో తిరుగుతోందని ఇవాళ తెలిసింది. ఇక అక్కణ్ణుంచి పాత రోజులన్నీ తవ్వడం మొదలవుతుంది. ‘నా పుట్టినరోజున నన్ను పట్టుకుని ఏడ్చిందే, అదీ నటనేనా? ఒంట్లో బాగాలేదని పడుకున్న రోజులన్నీ అబద్ధమేనా?’ ఫోన్లో పాత ఫొటోలు తీసి ఆ కళ్ళలోకి చూస్తారు. ఏది నిజం, ఏది నాటకం?

ఆ ప్రశ్న అడగని ఇల్లు ఉండదు. అయినా నా ఉద్దేశంలో అది దారి తప్పించే ప్రశ్న. రెండూ ఆమే. చెల్లెలికి లెక్కలు చెప్పింది ఆమే, డబ్బు తీసిందీ ఆమే. చూడాల్సింది ఆ ఇద్దరి మధ్యా లేచిన గోడని. అది ఎప్పుడు లేచింది, ఎందుకు లేచింది, వ్యసనానికి దానితో పనేమిటి అన్నవి తెలిస్తే తర్వాత ఏం చెయ్యాలో కొంతైనా అర్థమవుతుంది.

గోడ ముందు, మందు తర్వాత

ఆ వయసులో రెండు ముఖాలుండటం జబ్బు కాదు. ఇంట్లో ఒకలా, స్నేహితుల్లో ఒకలా, రాత్రి ఒంటరిగా ఫోన్ పట్టుకున్నప్పుడు ఇంకోలా ఉండటం పెరగడంలో భాగమే. ‘నేనెవర్ని’ అన్న ప్రశ్న టీనేజ్‌లో ప్రధానమైన పని అని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ అన్నాడు. రకరకాల వేషాలు వేసి చూసుకుని, ఏది నప్పుతుందో తేల్చుకోవడానికి దొరికే గడువు అది. పిల్లలకి రహస్యాలుంటాయి. ఉండాలి కూడా.

చిక్కు ఎక్కడ వస్తుందో చెప్పడానికి డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు 1960లో రాసిన ఒక వ్యాసం పనికొస్తుంది. ఎదుటివాళ్ళకి నచ్చేలా పిల్లలు తయారుచేసుకునే ముఖాన్ని ఆయన ‘ఫాల్స్ సెల్ఫ్’ అన్నాడు. అది అందరికీ కొంత ఉంటుంది, మర్యాద అనేదే అందులోంచి వస్తుంది. కానీ కోపం, భయం, అసూయ, దిగులు వీటిలో ఒక్కటీ ఇంట్లో బయటపెట్టే వీల్లేకపోతే ఆ ముఖం ముఖంగా ఉండదు, తలుపుగా మారి మూసుకుపోతుంది. ‘మా అమ్మాయి బంగారు తల్లి, ఒక్క మాట ఎదురు చెప్పదు’ అని అందరి ముందూ చెబుతుంటారు. ఆ బిరుదు బరువు మోసినవాళ్ళకే తెలుసు. ఎదురు చెప్పని పిల్లకి చెప్పాల్సినది లేక కాదు.

అంటే ఆ తలుపు వెనక దాక్కున్న రెండో అమ్మాయి మత్తుమందుతో పుట్టలేదు. నిద్ర పట్టని అమ్మాయి, నలుగురిలో నోరు పెగలని అమ్మాయి, అద్దంలో తనని చూసుకోలేని అమ్మాయి, ఎవరో చేసిన పాడు పనిని ఎవరికీ చెప్పలేకపోయిన అమ్మాయి అంతకుముందే ఉంది. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా ప్రచురించడం మొదలుపెట్టిన అధ్యయనంలో 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని చిన్నప్పటి దెబ్బల గురించి అడిగారు: హింస, లైంగిక వేధింపులు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం లాంటివి. అలాంటి అనుభవాలు ఎన్ని రకాలు పోగుపడితే మత్తుమందుల సమస్య అన్ని మెట్లు పెరుగుతూ కనిపించింది. అలాగని వ్యసనంలో పడ్డ ప్రతి అమ్మాయి వెనకా ఒక క్రూరమైన ఇల్లు ఉందనుకోకూడదు. ఈ ముప్పులో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదేనని కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. బాగా చూసుకున్న ఇళ్ళలోనూ ఇది జరుగుతుంది.

మొదటిసారి ఎందుకు ‘బాగుంటుంది’

సినిమాల్లోలాగా చీకటి సందులో ముసుగు మనిషి వచ్చి ఇవ్వడు. సాధారణంగా ఇచ్చేది తెలిసినవాళ్ళే. స్నేహితురాలో, ఆమె అన్నో, అమ్మాయి ఇష్టపడుతున్న కుర్రాడో. ఒక్కోసారి ఇంట్లో మందుల డబ్బాలో ఎవరికో రాసిన నొప్పి మాత్రలో, నిద్ర మాత్రలో.

స్నేహితులు పక్కనుండటం ఆ వయసులో ఎంత పని చేస్తుందో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ఒక కారు వీడియో గేమ్‌తో చూపించారు. సిగ్నల్ మారబోతోంది, ఇంకాస్త దూరం పోతే పాయింట్లు వస్తాయి, గుద్దుకుంటే పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్ళ పిల్లలు పెద్దవాళ్ళకన్నా మరీ తెగించి ఏమీ ఆడలేదు. తోటివాళ్ళు పక్కన నిలబడగానే తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్ళలో ఆ తేడా దాదాపు లేదు. తెలిసీ తెలియని వయసు అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ పిల్లలకి ప్రమాదం తెలియక కాదు. మెదడులో ఆగి ఆలోచించే భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇరవైల మధ్యదాకా తయారవుతూనే ఉంటుంది. ‘ఇంకా కావాలి’ అనే భాగం మాత్రం పదమూడో ఏటికే మంచి జోరు మీద ఉంటుంది. అందుకే మత్తుమందుల వల్ల కలిగే నష్టాల గురించి భయపెట్టే ఉపన్యాసం ఇచ్చి వచ్చేస్తే పెద్దగా ఫలితం ఉండదు. హాల్లో విన్న పాఠం ఆ సాయంత్రం ఆ గుంపులో గుర్తు రాదు.

ఒకసారి ప్రయత్నించిన వాళ్ళలో ఎక్కువమంది వ్యసనపరులు కారు. ఇది చెబితే పిల్లలకి అలుసు ఇచ్చినట్టవుతుందని పెద్దలు దాస్తారు. కానీ పిల్లలు చుట్టూ చూస్తూనే ఉంటారు, ‘ఒక్కసారితో అంతా అయిపోతుందన్నారు, వీళ్ళకేం కాలేదే’ అనుకుంటారు, ఆ తర్వాత మనం చెప్పే నిజాలు కూడా నమ్మరు. కొందరికే ఎందుకు అంటుకుంటుంది అన్నది అసలు ప్రశ్న. వయసు, జన్యువులు, ఏ మందు, ఎలా తీసుకున్నారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వాటితోపాటు ఆ మందు ఆ పిల్లకి ఏ పని చేసిపెట్టింది అన్నదీ చూడాలి. సరదాకి తీసుకున్న పిల్లకి సరదా దొరుకుతుంది. గుండె దడతో రోజూ బడికి వెళ్ళే పిల్లకి జీవితంలో మొదటిసారి ఆ దడ ఆగుతుంది. నలుగురిలో కూర్చుని మాట్లాడగలుగుతుంది. ఆకలి చచ్చి బరువు తగ్గుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆమె దృష్టిలో అది మందే.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కావడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఇష్టం పోయాక మిగిలే ‘కావాలి’

వ్యసనంగా మారే మత్తుమందులు దాదాపు అన్నీ ఏదో ఒక దారిన మెదడులో డోపమైన్‌ని పెంచుతాయి. డోపమైన్ అంటే ఆనందం ఇచ్చే రసాయనం అని అందరూ రాస్తారు. కెంట్ బెర్రిడ్జ్, టెరీ రాబిన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో దీన్ని సరిదిద్దారు. ఒకటి నచ్చడం వేరు, అది కావాలనిపించడం వేరు, డోపమైన్ పని ముఖ్యంగా రెండోది అన్నారు. మందు వాడేకొద్దీ నచ్చడం తగ్గుతుంది, కావాలనిపించడం పెరుగుతుంది. బయటివాళ్ళకి అంతు చిక్కనిది ఇదే. ‘నీకది ఇష్టమా?’ అని అడిగితే అమ్మాయి ‘అసహ్యం’ అంటుంది. నిజమే చెబుతోంది. ఆ సాయంత్రమే మళ్ళీ వెళుతుంది. అదీ నిజమే.

ఈ లోపు శరీరం కూడా అలవాటు పడుతుంది. మొదట్లో చాలిన డోసు చాలదు. మానితే చెమటలు, వణుకు, ఒళ్ళునొప్పులు, కారణం లేని ఏడుపు; ఏ మందు అన్నదాన్ని బట్టి బాధ మారుతుంది. ఇప్పుడిక వాడేది బాగుండటానికి కాదు, మామూలుగా ఉండటానికి. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, అమ్మతో నవ్వుతూ మాట్లాడి బడికి వెళ్ళాలంటే అది కావాలి. అంటే, ఇంట్లోవాళ్ళు చూస్తున్న ఆ మంచి అమ్మాయి కూడా మందు మీదే నడుస్తోంది.

ఇద్దరూ ఒకరినొకరు పోషించుకునే తీరు

ఇక్కడ కాస్త ఆగాలి. రెండో జీవితం అనేది వ్యసనం వల్ల వచ్చిన అబద్ధాల మూట అని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది వ్యసనాన్ని నడిపే యంత్రంలో ఒక భాగంగానే కనిపిస్తుంది.

డబ్బు, సమయం, నమ్మకం ఈ మూడూ లేకుండా వ్యసనం సాగదు. మూడూ సంపాదించేది మంచి అమ్మాయి. మార్కులు తగ్గకుండా చూసుకుంటే ‘ఫ్రెండ్ ఇంట్లో చదువుకుంటాను’ అన్న మాట నమ్ముతారు. ఇంటి పనిలో సాయం చేస్తే పర్సు దగ్గర అనుమానించరు. మంచి అమ్మాయి కూడబెట్టిన నమ్మకాన్ని రెండో అమ్మాయి ఖర్చు పెడుతుంది. బదులుగా రెండో అమ్మాయి ఒక పని చేస్తుంది: మంచి అమ్మాయి ఎవరికీ చెప్పలేని కోపాన్నీ భయాన్నీ కొన్ని గంటలపాటు మోసుకుపోతుంది. ఒకరు లేకపోతే ఇంకొకరు నిలబడలేరు. ‘చెడు సావాసం వదిలించేస్తే మా పాత పిల్ల మాకు వచ్చేస్తుంది’ అనుకున్న ఇళ్ళలో అందుకే నిరాశ ఎదురవుతుంది. ఆ పాత పిల్ల ఒంటరిగా ఎప్పుడూ లేదు.

ఇందులో ఉన్న చాకిరీ కూడా చూడాలి. ఎవరికి ఏ అబద్ధం చెప్పాను, ఏ రోజు ఎక్కడున్నానని చెప్పాను, ఎవరి పేరు వాడాను? రోజంతా మెదడులో ఒక మూల ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. ‘తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి’ అని చెబితే అదే పదే పదే మనసులోకి వస్తుందని డేనియల్ వెగ్నర్ 1987లో చూపించాడు. దాచిపెట్టాలనుకున్న ఏ విషయానికైనా ఇదే వర్తిస్తుంది. మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు 2017లో రహస్యాల మీద ఒక అధ్యయనం వెలువరించారు. ఎవరైనా అడిగినప్పుడు దాచాల్సి రావడం కన్నా, ఎవరూ లేనప్పుడు మనసు తనంతట తాను ఆ రహస్యం దగ్గరికి వెళ్ళడమే ఎక్కువసార్లు జరుగుతుందని, మనిషిని కుంగదీసేది కూడా ఎక్కువగా అదేనని తేలింది. అమ్మాయి దృష్టిలో దీని అర్థం ఏమిటంటే, ఎవరూ ఏమీ అడగని రోజున కూడా టెన్షన్ తగ్గదు. టెన్షన్ తగ్గడానికి ఆమెకి తెలిసిన దారి ఒక్కటే. అబద్ధం టెన్షన్‌ని, టెన్షన్ మందుని, మందు ఇంకో అబద్ధాన్ని లాక్కొస్తాయి.

రెండో ప్రపంచంలో ఆమెకి వేరే పేరుంటుందని ముందే చెప్పాను. ముద్దుపేరో, సోషల్ మీడియాలో పెట్టుకున్న పేరో. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆ పేరుతో పిలిచేవాళ్ళ దగ్గర ఆమె భయపడని మనిషి, జోకులు వేసే మనిషి, బంగారు తల్లి కాని మనిషి. ‘అది నేను కాదు’ అనుకునే వీలు కూడా ఆ పేరే ఇస్తుంది. దొంగతనం చేసింది ఆ పేరు గల పిల్ల, పొద్దున లేచి బుద్ధిగా కూర్చుని చదువుకునేది ఈ పిల్ల. సిగ్గుని రెండు పేర్ల మీద పంచుకుంటే మొయ్యడం తేలిక. జ్ఞాపకాలు కూడా ఇలా విడిపోవడానికి కొంత ఆధారం ఉంది. తాగి ఉన్నప్పుడు నేర్చుకున్నవి కొన్ని, మళ్ళీ తాగి ఉన్నప్పుడే బాగా గుర్తొస్తాయని 1969లో డొనాల్డ్ గుడ్విన్ బృందం మనుషుల మీద చేసిన ప్రయోగంలో కనిపించింది. అయితే దీన్ని పట్టుకుని ‘స్ప్లిట్ పర్సనాలిటీ’ అనెయ్యకూడదు. ఒక మనిషిలో వేరువేరు వ్యక్తిత్వాలు ఏర్పడి, మధ్యలో మతిమరుపు గోడలుండే మానసిక సమస్య వేరే ఉంది, అది అరుదు. మనం మాట్లాడుకుంటున్న అమ్మాయికి తను ఏం చేస్తోందో తెలుసు. తెలిసి ఉండటమే ఆమె బాధ.

స్థలాలు కూడా రెండుగా విడిపోతాయి. దీనివల్ల ప్రాణాపాయం ఉందని చాలామందికి తెలియదు. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం ఎలుకలకి హెరాయిన్ అలవాటు చేసి, చివర్లో పెద్ద డోసు ఇచ్చింది. అలవాటైన గదిలోనే ఇచ్చినప్పుడు 32 శాతం చనిపోయాయి. అదే డోసు కొత్త గదిలో ఇస్తే 64 శాతం చనిపోయాయి. అలవాటైన చోటుని చూడగానే శరీరం ముందే దెబ్బ కాచుకోవడానికి సిద్ధమవుతుందని, కొత్త చోట ఆ సన్నాహం ఉండదని ఆయన వివరణ. ఎలుకలకీ మనుషులకీ తేడా ఉన్నా, దొంగచాటుగా, కంగారుగా, ఎప్పటికప్పుడు చోటు మారుస్తూ, ఒంటరిగా వాడటం ఎందుకంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. పక్కన మనిషి లేకపోతే ఊపిరి ఆగిపోతున్నా చూసేవాళ్ళుండరు.

అమ్మాయి అయినందుకు

మగపిల్లాడు దారి తప్పితే తలుపులు బాదుతాడు, కొట్లాడతాడు, బడి ఎగ్గొడతాడు. నలుగురికీ తెలుస్తుంది. అమ్మాయిల్లో దిగులూ ఆందోళనా లోపలికి పోవడం ఎక్కువ. లోపలికి పోయిన బాధ బయటికి ‘బుద్ధిమంతురాలు, ఎక్కువ మాట్లాడదు’ లా కనిపిస్తుంది. పైగా చికిత్సకి వచ్చిన ఆడవాళ్ళ మీద జరిగిన చాలా అధ్యయనాల్లో, మొదటి వాడకం నుంచి పూర్తి వ్యసనం దాకా పట్టిన కాలం మగవాళ్ళకన్నా తక్కువగా ఉంది. దీనికి టెలిస్కోపింగ్ అని పేరు. అన్ని సర్వేలూ దీన్ని బలపరచవు కానీ డాక్టర్లు గుర్తుపెట్టుకునే విషయం ఇది.

మత్తులో ఉన్న అమ్మాయికి జరిగేవి మత్తుతో ఆగవు. మందు తెచ్చిచ్చిన మనిషి ఒక రోజు బదులు అడుగుతాడు. ఫొటోలు తీస్తాడు. అప్పు చూపిస్తాడు. ఆమె నోరెత్తలేదు, ఎందుకంటే ఎక్కడ మొదలుపెట్టి చెప్పినా ‘అసలు నువ్వక్కడికి ఎందుకెళ్ళావు’ అన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది. దొంగకి తేలు కుట్టినట్టు అని మనం నవ్వుతూ వాడే సామెత ఇక్కడ నవ్వు పుట్టించదు. ఆ మనిషికి ఈ సామెత బాగా తెలుసు. ఆమె రహస్యమే అతని చేతిలో తాళం. మైనర్ అమ్మాయిని మత్తుతో, బెదిరింపుతో వాడుకోవడం నేరం, ఆమె అందులో బాధితురాలు. ఇంట్లోవాళ్ళు ముందు ఈ వాక్యం నమ్మితే తప్ప ఆమె ఆ మనిషి పేరు చెప్పదు.

డిటెక్టివ్ తల్లిదండ్రులు

తెలిశాక ఏం చేస్తారు? ఫోన్ లాక్కుంటారు. గది సోదా చేస్తారు. లొకేషన్ చూస్తారు. భయంతో చేసేదే, తప్పు పట్టలేం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెయ్యాల్సిందే కూడా. కానీ దీన్నే చికిత్స అనుకుంటే మోసపోతాం.

2000లో స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఒక ఆసక్తికరమైన పని చేశారు. అప్పటిదాకా ‘పిల్లలు ఎక్కడున్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు చెడు దారి పట్టడం తక్కువ’ అని పరిశోధనలు చెబుతూ వచ్చాయి. కాబట్టి నిఘా పెట్టండి అని అందరూ అర్థం చేసుకున్నారు. వీళ్ళిద్దరూ 703 మంది పద్నాలుగేళ్ళ పిల్లల్నీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ తీసుకుని, ఆ తెలియడం అనేది ఎక్కణ్ణుంచి వస్తోందని చూశారు. అడిగి రాబట్టడం, ఆంక్షలు పెట్టడం, పిల్లలు తమంతట తాము చెప్పడం, ఈ మూడింట్లో చివరిదే అన్నిటికన్నా పెద్ద దారి అని తేలింది. తల్లిదండ్రులకి తెలిసేది ముఖ్యంగా పిల్లలు చెబితేనే. నాకు తెలిసి పిల్లల పెంపకం మీద వచ్చిన పరిశోధనల్లో ఇంతకన్నా వినయం నేర్పేది ఇంకోటి లేదు.

నిఘా పెరిగితే దాచే నైపుణ్యం పెరుగుతుంది. గోడకి ఇంకో వరస ఇటుకలు పడతాయి. మరి ఊరుకోవాలా? ఊరుకోవడం కూడా గోడకి సాయమే. చాలా ఇళ్ళలో ఒకరు అరిచేవాళ్ళు, ఒకరు కప్పిపుచ్చేవాళ్ళు ఉంటారు. ఒకరు అప్పు తీరుస్తారు, బడికి జ్వరమని ఫోన్ చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. అలా ఇంటికీ రెండు ముఖాలు వస్తాయి.

మధ్య దారి ఒకటుంది. రాబర్ట్ మేయర్స్, ఆయన సహచరులు తయారుచేసిన పద్ధతిని క్రాఫ్ట్ అంటారు. చికిత్సకి రానని మొండికేసిన మనిషితో కాకుండా, ఇంట్లోవాళ్ళతో పని మొదలుపెడతారు. మత్తులో లేని గంటల్లో దగ్గరగా ఉండటం, మత్తులో ఉన్నప్పుడు వాదించకుండా పక్కకి తప్పుకోవడం, వాడకం వల్ల వచ్చిన చిన్న చిన్న ఇబ్బందుల్ని ఆమెనే ఎదుర్కోనివ్వడం, చికిత్స మాట ఎప్పుడు ఎత్తాలో సమయం చూసుకోవడం ఇందులో నేర్పుతారు. 1999లో మద్యం సమస్య ఉన్న పెద్దవాళ్ళ కుటుంబాలతో దీన్ని పోల్చి చూశారు. క్రాఫ్ట్ నేర్చుకున్న ఇళ్ళలో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సకి ఒప్పించగలిగారు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతం, కుటుంబసభ్యుల మద్దతు బృందాల పద్ధతిలో 13 శాతం. తర్వాత టీనేజ్ పిల్లల తల్లిదండ్రులతోనూ ఇదే పద్ధతి వాడి చూశారు. నిలదీయడం ఎందుకు తక్కువ పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు. నలుగురి ముందు నిలబెడితే మాట్లాడేది మంచి అమ్మాయే. ఏడుస్తుంది, ఒట్టు వేస్తుంది. రెండో అమ్మాయి ఆ గదిలోకే రాదు.

చికిత్సలో ఏం జరుగుతుంది

వైద్యం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది డాక్టర్ ముందు మాట్లాడాల్సిన విషయం కనుక. రెండు హెచ్చరికలు మాత్రం తప్పనిసరి. మద్యం, నిద్ర మాత్రల్లో వాడే బెంజోడయజిపైన్లు బాగా అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. కాబట్టి గదిలో పెట్టి తాళం వెయ్యడం వైద్యం కాదు. రెండోది, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు కొన్ని వారాలు మానాక శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత డోసే ఇప్పుడు చంపుతుంది. అందుకే డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన మొదటి వారాలు అన్నిటికన్నా ప్రమాదం. అలాంటి ఇళ్ళలో ఓవర్‌డోస్‌ని వెనక్కి తిప్పే నాలోక్సోన్ గురించి డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోవాలి. ఓపియాయిడ్ వ్యసనానికి బ్యూప్రనార్ఫిన్ లాంటి మందులున్నాయి. ‘ఒక మత్తు బదులు ఇంకో మత్తా’ అని ముఖం చిట్లించేవాళ్ళు అవి ప్రాణాలు కాపాడుతున్నాయన్నది మర్చిపోతారు.

మళ్ళీ వాడటం, అంటే రిలాప్స్, చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మందిలో కనిపిస్తుందని 2000లో జామా అనే వైద్య పత్రికలో థామస్ మెక్లెల్లన్ బృందం రాసింది. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు మందులూ నియమాలూ వదిలేసి మళ్ళీ జబ్బు తెచ్చుకోవడం కూడా ఇంచుమించు అలాగే ఉంటుందని పోల్చింది. బీపీ మళ్ళీ పెరిగితే ‘మమ్మల్ని మోసం చేశావు’ అని ఎవరూ అనరు.

చోటు మారితే ఎంత మారుతుందో వియత్నాం యుద్ధం చూపించింది. అక్కడున్న అమెరికన్ సైనికుల్లో దాదాపు 20 శాతం మంది హెరాయిన్‌కి బానిసలయ్యారు. ఇళ్ళకి తిరిగొచ్చాక వాళ్ళలో 5 శాతం మంది మాత్రమే మొదటి ఏడాదిలోపు మళ్ళీ ఆ స్థితికి చేరారని లీ రాబిన్స్ 1970లలో తేల్చింది. వాళ్ళు వాడిన చోటు సముద్రాల అవతల ఉండిపోయింది. మన అమ్మాయి మాత్రం అదే గదికి, అదే బడికి, అదే ఫోన్‌కి తిరిగి వస్తుంది. ఆ ఫోన్లో ఆమె రెండో పేరు ఇంకా ఉంటుంది.

ఆ పేరు సంగతి కౌన్సెలర్లు జాగ్రత్తగా ఎత్తుకుంటారు, ఎత్తుకోవాలి. దాన్ని చంపెయ్యమంటే ఆమె మళ్ళీ దాస్తుంది. ఆ అమ్మాయి దగ్గర ధైర్యం ఉంది, కాదనడం తెలుసు, నవ్వించడం తెలుసు, ఇంట్లో ఎవరూ వినని బాధంతా తెలుసు. మత్తు లేకుండా ఆ ధైర్యాన్ని ఇంటి హాల్లోకి తేగలిగితేనే పని అయినట్టు. దానికి ఇల్లు కూడా ఒక ధర చెల్లించాలి. బంగారు తల్లి ఇక ఎదురు చెబుతుంది. తలుపు గట్టిగా వేస్తుంది. మార్కులు తగ్గొచ్చు. కోలుకుంటున్న పిల్లని చూసి ‘ఇదివరకే నయం, ఎంత ఒద్దికగా ఉండేది’ అని నాలిక కరుచుకునే తల్లిదండ్రులుంటారు.

గోడ కూలడం చప్పుడుతో జరగదు. ఎవరూ అడగని ఒక చిన్న నిజంతో మొదలవుతుంది. రాత్రి వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతుంటుంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి, ఫోన్ వైపే చూస్తూ అంటుంది: ‘ఆ గ్యాంగ్‌లో ఒకడు మొన్న మెసేజ్ పెట్టాడు. నేనింకా బ్లాక్ చెయ్యలేదు.’

అమ్మ నోటిదాకా చాలా వస్తాయి. ఎవడు, ఏమన్నాడు, మొన్న అంటే ఎప్పుడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు. వాటిలో ఏది అడిగినా గుమ్మంలో ఉన్న అమ్మాయి లోపలికి వెళ్ళిపోతుందని ఆమెకి ఈ ఏడాదిలో తెలిసొచ్చింది. చేతిలో గిన్నె పక్కన పెట్టి అడుగుతుంది: ‘ఇప్పుడు చేద్దామా, రేపు చేద్దామా?’

‘రేపు’ అంటుంది అమ్మాయి. కానీ గుమ్మంలోంచి కదలదు.